బ్లాగును సొంత డొమైన్‌కు మార్చేటప్పుడు పాత లంకెలు, కొత్త విభాగాలు

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. పానగల్లు, పిల్లలమర్రి ఆలయాల గురించి, రాచకొండ, దేవరకొండ కోటల గురించి, మా పల్లెల్లో వాడుకలో ఉన్న మాటల గురించి చాలా ఏళ్లుగా బ్లాగర్‌లో తెలుగులో రాస్తున్నాను. ఇప్పుడు సొంత డొమైన్, హోస్టింగ్ (సైటును ఉంచడానికి అద్దెకు దొరికే సర్వర్ స్థలం) తీసుకొని వర్డ్‌ప్రెస్‌కు మారాలనుకుంటున్నాను. ఆలయాలు, కోటలు, మాటలు, ఫొటోలు, ఈ నాలుగింటికీ వేర్వేరు సబ్‌డొమైన్లు (డొమైన్ పేరుకు ముందు మరో మాట చేర్చి పెట్టే విడి చిరునామాలు) పెట్టుకోవచ్చునా? పాత వ్యాసాలు పోకుండా ఎలా మార్చుకోవాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో పొరపాటు జరిగితే దిద్దుకోవడం కష్టం. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే బ్లాగర్ ఆ అక్షరాలను చిరునామాలో వాడుకోదు. ఏడాది, నెల తరవాత 'బ్లాగ్-పోస్ట్' అని పెట్టి, దాని పక్కన ఒక అంకెను చేరుస్తుంది. కాబట్టి మీ వ్యాసాల చిరునామాలు చాలావరకు ఒకేలా ఉండి ఉంటాయి. చూడటానికి ఎంత అర్థరహితంగా ఉన్నా, ఇన్నేళ్లుగా విద్యార్థులు, పరిశోధకులు దాచుకున్నవీ, ఇతరులు తమ వ్యాసాలలో ఉటంకించినవీ ఆ చిరునామాలే. అవి పనిచేయకుండా పోతే వ్యాసం ఉన్నా లేనట్టే అవుతుంది.

అందుకే డొమైన్ కొనగానే దానిని ముందు మీ బ్లాగర్ బ్లాగుకే జతచేయండి. అప్పటినుంచి పాత బ్లాగ్‌స్పాట్ చిరునామాకు వచ్చినవారిని బ్లాగర్ తనంతట తానే కొత్త డొమైన్‌కు పంపుతుంది. ఈలోగా హోస్టింగ్‌లో ఒక తాత్కాలిక సబ్‌డొమైన్ మీద వర్డ్‌ప్రెస్‌ను సిద్ధం చేసుకొని, వ్యాసాలను దిగుమతి చేసుకొని, అంతా సరిచూసుకున్నాకనే డీఎన్ఎస్‌ను (డొమైన్ పేరు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే అమరికను) కొత్త చోటికి మార్చండి. ఆ తరవాత పాత చిరునామాలన్నీ మీ హోస్టింగ్‌కే చేరతాయి గనుక, ప్రతి పాత చిరునామానూ దాని కొత్త పేజీకి 301 దారిమళ్లింపుతో (పాత చిరునామాకు వచ్చినవారిని శాశ్వతంగా కొత్తదానికి పంపే అమరికతో) కలపడం మీ చేతిలోనే ఉంటుంది. పాత బ్లాగును మాత్రం తొలగించవద్దు, దానిలోని డొమైన్ అమరికనూ తీసివేయవద్దు. డొమైన్ బ్లాగర్ నుంచి బయటికి వెళ్లాక బ్లాగ్‌స్పాట్ చిరునామాతో వచ్చేవారికి మధ్యలో ఒక హెచ్చరిక పేజీ కనిపించవచ్చు; దానిని దాటితే వ్యాసం వస్తుంది.

కొత్త చిరునామాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను చిరునామాగా మార్చేటప్పుడు ఒక్కొక్క తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ బదులుగా శాతం గుర్తులు, రోమన్ అక్షరాలు, అంకెలు చేరి తొమ్మిదేసి స్థానాలు ఖర్చవుతాయి. మొత్తం ఉన్నది 200 స్థానాలే కాబట్టి పొడవైన శీర్షిక మధ్యలో తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపినప్పుడు కూడా అది శాతం గుర్తుల వరుసగా కనిపించి పాఠకులను బెదరగొడుతుంది. ప్రతి వ్యాసానికీ రెండు మూడు మాటల చిరునామాను రోమన్ లిపిలో మీరే రాసుకోవడం మేలు. ఇక ఫొటోలు: బ్లాగర్ ఇచ్చే ఎగుమతి ఫైలులో రాత మాత్రమే ఉంటుంది, బొమ్మలు గూగుల్ సర్వర్లలోనే ఉండిపోతాయి. వాటిని విడిగా దింపుకొని వర్డ్‌ప్రెస్‌లోకి ఎక్కించేదాకా మీ తరలింపు పూర్తికానట్టే. శిథిలమవుతున్న శాసనాల ఫొటోలు మీ దగ్గర ఉన్నాయంటే, ఈ పని అన్నిటికంటే ముందు చేయవలసినది.

సబ్‌డొమైన్ల విషయంలో నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను: నాలుగు వద్దు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయపు గర్భగుడిలో రోజంతా నిలిచే నీడ గురించి మీరు రాసిన వ్యాసం ఆలయాల కిందికీ వస్తుంది, ఫొటోల కిందికీ వస్తుంది. సబ్‌డొమైన్లు పెడితే దానిని ఏదో ఒకచోటనే ఉంచవలసి వస్తుంది. అదే ఒకే సైటులో వర్గాలు, ట్యాగులు వాడితే ఒకే వ్యాసం రెండు చోట్లా కనిపిస్తుంది. పైగా విడివిడిగా నాలుగు వర్డ్‌ప్రెస్‌లు నడిపితే నవీకరణలు, బ్యాకప్‌లు నాలుగుసార్లు చేయాలి, పాఠకుడు ఒకచోట వెతికితే మిగతా మూడింటిలోని వ్యాసాలు దొరకవు.

పనితీరే వేరైన భాగానికి మాత్రం సబ్‌డొమైన్ తగినది. అకారాది క్రమంలో వెతుక్కునే పల్లె మాటల నిఘంటువు అటువంటిదే. దానికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి, రేపు దానిని మీ శిష్యులెవరైనా చూసుకోవచ్చు కూడా. దానికి డీఎన్ఎస్‌లో ఒక రికార్డు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే ఒక సర్టిఫికెట్ (సైటుతో కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు తెలిపేది) చాలు. ఆ సర్టిఫికెట్ల గడువు సాధారణంగా 90 రోజులే కాబట్టి, హోస్టింగ్‌లో అది తనంతట తానే పునరుద్ధరణ అయ్యే ఏర్పాటు ఉందో లేదో ముందే అడగండి. డొమైన్‌ను సైటు తయారుచేసే వ్యక్తి పేరుతో కాకుండా మీ పేరుతో, మీ ఈమెయిల్‌తోనే నమోదు చేయించండి. గడువు తేదీ మీ ఇంట్లో మరొకరికి కూడా తెలిసి ఉండాలి.

ప్రశ్న: హోస్టింగ్ కొనకుండా ఇంట్లోని పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా పెట్టి సైటు నడపవచ్చునా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: నేర్చుకోవడానికైతే తప్పక పెట్టండి. నలుగురూ చదివే సైటుకు మాత్రం నేను సలహా ఇవ్వను. ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలావాటికి స్థిరమైన ఐపీ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే అంకెల చిరునామా) ఉండదు. ఒకే ఐపీని అనేక ఇళ్లకు పంచే పద్ధతి ఉన్నచోట బయటివారు మీ కంప్యూటర్‌ను నేరుగా చేరలేరు. కరెంటు పోయినప్పుడల్లా సైటు కూడా ఆగిపోతుంది. సైటును హోస్టింగ్‌లో ఉంచి, దాని పూర్తి ప్రతిని వారానికొకసారి ఆ పాత కంప్యూటర్‌లోకి దింపుకోండి.