కారు టోటల్ అన్నారా? ముందు ఆ రిపోర్టు అడగండి

అమెరికాకు కొత్తగా వచ్చిన పిల్లలు యాక్సిడెంట్ అయిన వారానికి ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "అన్నా, కారు టోటల్ అంటున్నారు, ఇంత ఇస్తామంటున్నారు, ఒప్పుకోమంటారా?" ఒప్పుకోవాలో లేదో తర్వాత చూద్దాం. ఆ అంకె ఎలా వచ్చిందో తెలియకుండా మాత్రం సంతకం పెట్టకండి.

టోటల్ అంటే కారు నుజ్జునుజ్జు అయిందని కాదు, రిపేరు చేయించకుండా కారు విలువను డబ్బుగా ఇచ్చేస్తామని. రిపేరు ఖర్చు కారు విలువలో ఇంత శాతం దాటితే టోటల్ అని చాలా రాష్ట్రాలు రూలు పెట్టుకున్నాయి. న్యూయార్క్‌లో అది 75, ఫ్లోరిడాలో 80, టెక్సస్‌లో 100. కాలిఫోర్నియా, జార్జియాల్లో శాతం లెక్క లేదు. దెబ్బతిన్న కారు వేలంలో ఎంత పలుకుతుందో ఆ డబ్బును రిపేరు ఖర్చుకు కలిపి, మొత్తం కారు విలువను దాటిందా అని చూస్తారు. అందుకే ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న పాత కారు, పైకి బాగానే కనిపిస్తున్నా, చాలాసార్లు టోటల్ అయిపోతుంది.

విలువ అంటే మీరు కొన్న ధరా కాదు, లోను బాకీ అంతకన్నా కాదు. గుద్దుకోవడానికి ముందు మీ ఏరియాలో ఆ కారు ఎంతకు అమ్ముడుపోయేదో అదే విలువ. దీన్ని లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ వాళ్ళు సాధారణంగా సీసీసీ, మిచెల్ లాంటి సంస్థల రిపోర్టు తెప్పిస్తారు. ఆ రిపోర్టు పూర్తి కాపీ ఈమెయిల్‌లో పంపమని అడ్జస్టర్‌ని, అంటే మీ క్లెయిమ్ చూసే ఇన్సూరెన్స్ ఉద్యోగిని, అడగండి. మొహమాటం వద్దు.

రాగానే మొదట చూడాల్సింది మోడల్‌లో ఏ ట్రిమ్ (సదుపాయాలను బట్టి ఉండే రకం) అని రాశారో. మా దగ్గరి బంధువుల అబ్బాయిది హోండా అకార్డ్ ఈఎక్స్-ఎల్, లెదర్ సీట్లు, సన్‌రూఫ్ ఉన్న బండి. రిపోర్టులో అంతకన్నా తక్కువ రకమైన ఎల్ఎక్స్ అని పడింది. సన్‌రూఫ్ ఎదురుగా "లేదు" అని ఉంది. కొన్నప్పటి కాగితం, సన్‌రూఫ్ ఫొటో పంపాక రిపోర్టు మళ్ళీ తీసి ఆఫర్ పెంచారు. తర్వాత మైలేజీ సరిచూసుకోండి. పోల్చడానికి తీసుకున్న కార్లు ఎంత దూరంలో ఉన్నాయో, ఏ సంవత్సరానివో చూడండి. "కండిషన్" పేరుతో ఒక్కో కారు ధరలోంచి ఎంత కోశారో చూసి, ఎందుకు కోశారని అడగండి.

ఫోన్‌లో "తక్కువ ఇస్తున్నారండీ" అని ఎంత బతిమాలినా లాభం లేదు. ఫైల్లో కాగితం పడితేనే అంకె మారుతుంది. అదే సంవత్సరం, అదే ట్రిమ్, దగ్గర దగ్గర మైలేజీ ఉన్న కార్ల అమ్మకం ప్రకటనలు విన్ నంబర్‌తో (ఒక్కో కారుకు ఉండే గుర్తింపు సంఖ్య) సహా పంపండి. కొత్త టైర్లు వేయించి ఉంటే ఆ రసీదు జత చేయండి. సేల్స్ టాక్స్, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) ఫీజు కలపాలని చాలా రాష్ట్రాల్లో నిబంధన ఉంది. మీ సెటిల్‌మెంట్‌లో ఆ వరుస కనబడకపోతే అడగండి.

అయినా దిగిరాకపోతే, క్లెయిమ్ మీ సొంత ఇన్సూరెన్స్‌లోనే అయితే, పాలసీలో అప్రైజల్ క్లాజ్ ఉందేమో వెతకండి. మీరొక నిపుణుణ్ణి, వాళ్ళొక నిపుణుణ్ణి పెట్టుకుని తేల్చుకునే దారి అది. మీ నిపుణుడి ఫీజు మీరే కట్టుకోవాలి కాబట్టి తేడా పెద్దదైతేనే ఆ జోలికి వెళ్ళండి. రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు ఫిర్యాదు చేయడానికి మాత్రం ఖర్చేమీ ఉండదు.

తప్పు ఎదుటివాళ్ళదైనా, మీకు కొలిజన్ కవరేజ్ (గుద్దుకున్నప్పుడు మీ కారు నష్టానికి మీ పాలసీ ఇచ్చేది) ఉంటే మీ ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో మీరు భరించే మొదటి భాగం, ముందు మీ మీద పడుతుంది. ఎదుటివాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మీ కంపెనీ రాబట్టగలిగితే అది తిరిగొస్తుంది. ఎదుటివాళ్ళ పాలసీ సరిపోకపోవచ్చు కూడా. కాలిఫోర్నియాలో ఆస్తి నష్టానికి ఉండాల్సిన కనీస కవరేజ్ 2024 చివరి దాకా 5,000 డాలర్లే, 2025 జనవరి 1 నుంచి 15,000. కొత్త కారుకి అదేం మూలకు?

ఇంతలో కారు టో యార్డ్‌లో (లాక్కెళ్ళిన కార్లు ఉంచే చోటు) ఉంటే రోజువారీ అద్దె పెరుగుతూ ఉంటుంది. మొదటి రోజే ఇన్సూరెన్స్ వాళ్ళతో దాన్ని వాళ్ళ లాట్‌కి మార్పించండి. వెళ్ళి టోల్ ట్యాగ్, గరాజ్ రిమోట్, కాగితాలు తెచ్చుకోండి. టోటల్ ఆఫర్ చెప్పిన కొద్ది రోజులకే ఇన్సూరెన్స్ వాళ్ళు రెంటల్ కారుకి డబ్బు ఇవ్వడం ఆపేస్తారు, దానికి సిద్ధంగా ఉండండి. లోను ఉంటే డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. అది తేలేదాకా ఈఎమ్ఐ ఆపకండి, క్రెడిట్ దెబ్బతింటుంది. బాకీ ఇంకా మిగిలితే, ఆ తేడాను కట్టే గ్యాప్ కవరేజ్ తీసుకున్నారేమో కొన్నప్పటి కాగితాల్లో చూడండి.

రిపేరుకే ఒప్పుకున్నారనుకోండి, వాళ్ళు చెప్పిన బాడీ షాపే అక్కర్లేదు, మీకు నమ్మకమున్న చోటికి తీసుకెళ్ళొచ్చు. మొదటి ఎస్టిమేట్ పైకి కనిపించే దెబ్బలకే. విప్పాక బయటపడినవాటికి షాపువాళ్ళు ఇన్సూరెన్స్‌కి సప్లిమెంట్, అంటే అదనపు ఎస్టిమేట్, పంపుతారు. టెన్షన్ పడకండి, అది మామూలే. బంపర్ లేదా ముందు అద్దం మారిస్తే, రాడార్, కెమెరాలను మళ్ళీ సరిచేసే కాలిబ్రేషన్ అవసరమా అని షాపుని అడగండి. చేస్తే బిల్లులో రాయించుకోండి.

ఎదుటి కంపెనీ నుంచి చెక్కుతో పాటు విడుదల పత్రం (రిలీజ్, అంటే ఇక వాళ్ళను ఏమీ అడగనని మీరిచ్చే కాగితం) వస్తే ప్రతి లైనూ చదవండి. కారు నష్టానికి మాత్రమే అని ఉంటే సరే. శరీర గాయాలన్నీ కలిపేసి ఉంటే సంతకం పెట్టకుండా తిప్పి పంపి, కారు వరకే వేరేగా రాసివ్వమనండి. మెడనొప్పి ఒక్కోసారి చాలా రోజుల తర్వాత గానీ బయటపడదు.