పురమాయింపు, తాఖీదు, ఆన: పాఠకుల సందేహాలు

ప్ర: ‘పురమాయించు’లో ఉన్నది ‘పురం’ అన్న మాటేనా? (తెనాలి)

జ: కాదు, పురంతో దానికి చుట్టరికం లేదు. పారసీలో ఆజ్ఞను ‘ఫర్మాన్’ అంటారు. ఉర్దూ ‘ఫర్మానా’ అంటే ఆజ్ఞాపించడం, సెలవియ్యడం. మన నోట ‘ఫ’ కాస్తా ‘పు’ అయి, ‘ర్మ’ విడిపోయి, చివర ‘ఇంచు’ చేరింది. రాజముద్రతో వచ్చినది మాత్రం ఫర్మానాగానే నిలిచింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది నిజాం ఫర్మానాతోనే. ఇంటి వాడుకలోకి దిగినది మెత్తబడింది. పిల్లాడికి పాల ప్యాకెట్ పని పురమాయిస్తాం. హైకోర్టు పురమాయించిందని రాస్తే నవ్వుతారు.

ప్ర: ‘సంజాయిషీ తాఖీదు’కు మూలమేమిటి? (కరీంనగర్)

జ: ‘సంజాయిషీ’ హిందుస్తానీ నుంచి వచ్చింది. అక్కడ ‘సమ్‌ఝానా’ అంటే బోధపరచడం, నచ్చజెప్పడం. మన కచేరీల్లో అది కిందివాడు పైవాడికి చెప్పుకునేదిగా మిగిలింది. ‘తాఖీదు’ అరబ్బీ మాట, నొక్కి చెప్పడమని అర్థం. వార్తల్లో ‘సంజాయిషీ జారీ చేశారు’ అని రాస్తుంటారు, అది తప్పు. అధికారి జారీ చేసేది తాఖీదు, ఉద్యోగి ఇచ్చుకునేది సంజాయిషీ. ఇలాంటి తాఖీదు జవాబు అడుగుతుంది, ఉత్తర్వు అమలు కోరుతుంది.

ప్ర: నచ్చజెప్పు, నచ్చచెప్పు: ఏది సరి? (అనంతపురం)

జ: వ్యాకరణం ప్రకారం మొదటిది. ‘నచ్చన్ + చెప్పు’లో ద్రుతం (చివరి నకారం) మీది పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది, కనుక చకారం జకారమైంది. రాన్ + పట్టు ‘రాబట్టు’, పోన్ + కొట్టు ‘పోగొట్టు’ అయినట్టే. ఇది సరళాదేశ సంధి. ఇక్కడ ‘ఆదేశం’ అంటే హుకుం కాదు, ఒక అక్షరం చోట మరొకటి రావడం.

అర్థంలోనూ జాగ్రత్త కావాలి. నచ్చజెప్పడానికి కారణాలు చూపాలి. బుజ్జగించడానికి లాలన చాలు. బతిమాలేవాడు తాను తగ్గాలి. ఈ మూడూ ప్రయత్నాలే, ఒప్పించడం ఫలితం. ‘ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోలేదు’ అనవచ్చు గానీ ‘ఒప్పించినా ఒప్పుకోలేదు’ అనలేం.

ప్ర: ‘ఆన’ అంటే ఒట్టా, ఆజ్ఞా? (ఖమ్మం)

జ: రెండూ. సంస్కృత ‘ఆజ్ఞ’ ప్రాకృతంలో ‘ఆణా’, తెలుగులో ‘ఆన’ అయింది. రాజు ఆన శాసనం. ‘నా ఆన, వెళ్లకు’ అన్నప్పుడు మాత్రం ఒట్టు పెట్టి కట్టేయడం.