వేగుచుక్క సాయంత్రం పొడుస్తుందా?

సందేహం: సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే పడమట ఒక పెద్ద చుక్క ధగధగా మెరుస్తోంది. "అదిగోరా వేగుచుక్క" అని మనవడికి చూపించాను. వాడు ఫోను పైకెత్తి చూసి, "అది స్టార్ కాదు అమ్మమ్మా, వీనస్. ప్లానెట్" అన్నాడు. పక్క ఫ్లాటాయనేమో వేగు అంటే గూఢచారి కదండీ అంటాడు. నేనన్నది తప్పా? పన్లో పనిగా, చుక్కకూరకూ ఈ చుక్కకూ సంబంధం ఏమన్నా ఉందా? (ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై)

సమాధానం: అమ్మా, చిన్న తప్పు ఉంది గానీ మీ మనవడు పట్టుకున్నది అది కాదు.

చుక్క అంటే నక్షత్రమే అయి తీరాలని ఎక్కడా లేదు. ఆకాశంలో బొట్టులా కనిపించేదల్లా మనకు చుక్కే. తోక ఉంటే తోకచుక్క, తెల్లారగట్ల వస్తే వేగుచుక్క. అంతెందుకు, మన నవగ్రహాల్లో సూర్యచంద్రులున్నారు, కంటికి కనిపించని రాహుకేతువులున్నారు, కాళ్ల కింద ఉన్న భూమి మాత్రం లేదు. బడిపుస్తకంలో గ్రహం లెక్క వేరు. ఆ లెక్క కూడా 2006లో మారి, పాపం ప్లూటో బయటికి పోయింది. చుక్కకు ఆ బాధ లేదు.

ఇక వేగు. నాకు ఇష్టమైన మాట, కాస్త ఓపిక పట్టండి. వేగు అంటే తెల్లవారడం. వేగుజాము, వేకువ, వేకువజాము అన్నీ ఈ ఇంటివే. అరవంలో తెల్లవారుజామును వైకఱై అంటారు, చెన్నైలో ఉన్నారు గనక మీరూ వినే ఉంటారు. కన్నడంలో బైగు ఉంది. వీటన్నిటికీ చుట్టరికం కలిపేవాళ్లున్నారు, నేనూ వాళ్ల జట్టే. తమాషా ఏమిటంటే కన్నడం వాళ్ల బైగు సాయంత్రం! మనకు పొద్దున పొడిచిన మాట అక్కడ పొద్దుగుంకాక పొడిచింది, అచ్చం మీ మనవడు వీనస్ అన్న శుక్రుడిలాగే. ఎందుకంటే శుక్రుడు మన కంటికి సూర్యుణ్ణి వదిలి సుమారు 47 డిగ్రీలకు మించి దూరం పోడు. అయితే తెల్లవారుజామున తూర్పున, లేకపోతే పొద్దుగుంకాక పడమట, అంతే, నడిరాత్రి మనకు కనిపించడు. 2025 జనవరిలో గ్రహాలన్నీ బారులు తీరాయంటూ టీవీలు ఊదరగొట్టాయే, అప్పుడు పడమట వెలిగినవాడే మార్చి దాటేసరికి తూర్పుకు మారి వేగుచుక్క అయ్యాడు. ఈ శుక్రుడి మీద మన చెన్నైలో శ్రద్ధ పాతదే లెండి. 1874లో శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నడిచినప్పుడు ఆ సంగతి జనానికి అర్థమయ్యేలా చెప్పాలని నుంగంబాక్కం అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి ఇంగ్లీషులోనూ దేశభాషల్లోనూ పుస్తకం వేశారు. ఫోన్లో యాప్ లేని రోజులు.

పక్కింటాయన చెప్పిన వేగు కూడా ఉన్నమాటే, వేగులవాడు అంటే గూఢచారి. ఇక్కడ మాత్రం అతుక్కోదు. బజ్జీలు వేగడం ఇంకోటి, ఈ పిల్లాడితో వేగలేకపోతున్నాను అనేది మరోటి. వేగం సంస్కృతం.

నాకు ఒళ్లు మండేది పేపర్లవాళ్లతో. ‘తెల్లవారుజామున 2 గంటలకు ప్రమాదం’ అని రాస్తారు. జాము అంటే 3 గంటలు. రాత్రి ఆఖరి జాము సుమారు 3 నుంచి 6 దాకా. 2 గంటలకు ఏం తెల్లవారిందని? అర్ధరాత్రి దాటాక అంటే నోరు నొప్పెడుతుందా? ఇంకా ఘోరం, పెద్దవాళ్లెవరు పోయినా ‘వేగుచుక్క రాలిపోయింది’ అని హెడ్డింగు పెట్టడం. వేగుచుక్క రాలదు బాబూ, రాలేది ఉల్క. వేగుచుక్క సూర్యుడి కంటే ముందొచ్చి, ఆయన వెలుగులో కనిపించకుండా పోతుంది. తమ తర్వాత రాబోయేదాన్ని ముందే చెప్పినవాళ్లకు ఆ పోలిక ఎంత బావుంటుంది! దాన్ని పట్టుకుని ఊరూరా ప్రతి మాజీ సర్పంచికీ తగిలించేస్తే ఎలా?

మీ సంగతికి వస్తే, వేగు అంటే తెల్లవారడం గనక సాయంత్రం చుక్కను వేగుచుక్క అనడం కుదరదు. సందెచుక్క అంటే సరిపోతుంది. అలాగని ఒకే చుక్క అని తెలిసి, రెండు పూటలా ఒకే పేరుతో పిలిచేవాళ్లను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. రాతలో మాత్రం వద్దు. మేడ మీద మనవడితో అంటే, సరే, నేను విననట్టే ఉంటాను.

చుక్కకూర వేరు. సంస్కృతంలో చుక్రం అంటే పులుపు, దాన్నుంచి వచ్చిందంటారు. పప్పులో వేసుకోండి.