అణు పరిశోధనలో విదేశీ సహకారం వర్ధమాన దేశపు ప్రయోగశాలకు నిజంగా ఏం మిగులుస్తుంది?

అంతర్జాతీయ సహకార పథకం కింద మీ విభాగానికి గామా కిరణాలను కొలిచే పరికరం వస్తోందని, ఇద్దరు అధ్యాపకులకు విదేశంలో మూడు నెలల శిక్షణ కూడా ఉందని రాశారు. ఇది పరిశోధనను నిలబెట్టే పనేనా, లేక సంతకాల రోజుతో ముగిసిపోయే వ్యవహారమా అన్నది మీ ప్రశ్న. ఇటువంటి పథకం కిందనే పరికరాలు సంపాదించుకున్న ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. పరికరం చేరిన రోజున ఎవరు వచ్చారన్నది నాకిప్పుడు సరిగా గుర్తు లేదు కాని, అది పాడైన రోజున ఎవరు పలికారో మాత్రం బాగా గుర్తుంది. నా జవాబంతా ఆ రెండో విషయం చుట్టూనే తిరుగుతుంది.

మా పని న్యూట్రాన్ యాక్టివేషన్ విశ్లేషణ. మట్టిని గాని, నదీగర్భపు ఒండ్రును గాని కొద్దిగా తీసుకుని పరిశోధన రియాక్టరులో న్యూట్రాన్ల తాకిడికి గురిచేస్తే, అందులోని అనేక మూలకాలు రేడియోధార్మిక ఐసోటోపులుగా మారతాయి. ఒక్కొక్క ఐసోటోపు తనకే ప్రత్యేకమైన శక్తి గల గామా కిరణాలను వెలువరిస్తుంది కనుక, ఆ కిరణాల శక్తిని, సంఖ్యను కొలిస్తే నమూనాలో ఏ మూలకం ఎంత ఉందో చెప్పవచ్చు. మాకు సొంత రియాక్టరు లేదు. నమూనాలను వేరే కేంద్రానికి పంపి, అవి తిరిగి వచ్చాక మా డిటెక్టరు మీద లెక్కించేవాళ్లం. ఇందులో ఒక ఇరకాటం ఉంది. మట్టిలో సోడియం ఎక్కువ. 15 గంటల అర్ధాయుష్షు (ఉన్నది సగానికి తగ్గే కాలం) గల సోడియం-24 చాలామట్టుకు తగ్గేదాకా మిగతా సంకేతాలు స్పష్టంగా కనిపించవు. మేము వెతుకుతున్న ఆర్సెనిక్-76 అర్ధాయుష్షు 26 గంటలే కనుక మరీ ఎక్కువ రోజులు ఆగడానికీ వీల్లేదు. వాహనం ఒక్క రోజు ఆలస్యమైతే ఆర్సెనిక్ సంకేతంలో దాదాపు సగభాగం ప్రయాణంలోనే ఖర్చయిపోయేది.

డిటెక్టరు అధిక స్వచ్ఛత గల జెర్మేనియం స్ఫటికంతో చేసినది. శూన్యం చేసి మూసిన పాత్రలో ఉన్న ఆ స్ఫటికాన్ని ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దగ్గరికి చల్లబరచి ఉంచాలి. పథకంలో డిటెక్టరుకు డబ్బు ఉంది, కంప్యూటరుకు ఉంది, శిక్షణకు ఉంది. ప్రతి వారం కొనవలసిన ద్రవ నైట్రోజన్‌కు మాత్రం ఏ పద్దూ లేదు. విశ్వవిద్యాలయం దానిని రసాయనాల ఖాతాలో వేయాలా, నిర్వహణ ఖాతాలో వేయాలా అన్న చర్చ ఒక ఏడాది నడిచింది. ఈలోగా మా జేబుల్లోంచి కొన్న సందర్భాలు కూడా ఉన్నాయి (ఆ రసీదులు కొన్ని ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, ఎందుకో పారేయబుద్ధి కాలేదు).

ఒకసారి వరుస సెలవుల్లో నైట్రోజన్ అడుగంటింది. సెలవుల తరువాత వచ్చిన మేము డిటెక్టరు సగం వేడెక్కి ఉండడం చూసి, కంగారులో వెంటనే నైట్రోజన్ నింపేశాం. చేయకూడని పని సరిగ్గా అదే. పాత్రలో మిగిలిపోయే కొద్దిపాటి వాయువులను పట్టి ఉంచడానికి లోపల ఒక శోషక పదార్థం ఉంటుంది. వేడెక్కేటప్పుడు అది తాను పట్టుకున్న వాయువులను వదిలేస్తుంది. పూర్తిగా గది ఉష్ణోగ్రతకు రానివ్వకుండా మళ్లీ చల్లబరిస్తే అవి స్ఫటికం మీద పేరుకునే ప్రమాదం ఉంది. ఈ సంగతి శిక్షణలో మాకెవరూ చెప్పలేదు. శిక్షణలో కొలవడం నేర్పారు, వర్ణపటాన్ని (ఏ శక్తి దగ్గర ఎన్ని కిరణాలు వచ్చాయో చూపే గీతను) విశ్లేషించడం నేర్పారు. పరికరం ఎలా చెడిపోతుందో, చెడిపోతున్నప్పుడు ఎలా తెలుస్తుందో నేర్పలేదు. అక్కడ దానికి వేరే సాంకేతిక నిపుణుడు ఉండేవాడు కాబట్టి శాస్త్రవేత్తలకు ఆ అవసరం రాలేదని నా అభిప్రాయం.

డిటెక్టరు ఆగిపోలేదు. అదే అసలు ప్రమాదం. లెక్కలు వస్తూనే ఉన్నాయి, మేము నమ్ముతూనే ఉన్నాం. ఆ ఏడాదే ఒక అంతర్జాతీయ పోలిక పరీక్షలో పాల్గొన్నాం. నిర్వాహకులు ఒకే మట్టి నమూనాను అనేక దేశాల ప్రయోగశాలలకు పంపుతారు. అందులో ఏది ఎంత ఉందో వారికి తెలుసు, మనకు తెలియదు. మనం పంపిన విలువలను వారి విలువలతో పోల్చి నివేదిక ఇస్తారు. ఇనుము, కోబాల్టు, స్కాండియం విలువలు సరిపోయాయి. ఆర్సెనిక్ మాత్రం ఉండవలసినదానికన్నా దాదాపు మూడో వంతు ఎక్కువ చూపించాం. తాగునీటిలో ఆర్సెనిక్ గురించి అంతకుముందే రెండు వ్యాసాలు పంపిన ప్రయోగశాలకు ఇది తేలికగా మింగుడుపడే సంగతి కాదు. మరుసటి ఏడాది నుంచి పోలిక పరీక్షకు దూరంగా ఉందామని కూడా మాలో ఒకరు సూచించారు.

నాతో కలిసి శిక్షణ పొందిన వియత్నాం శాస్త్రవేత్త ఒకామెకు ఉత్తరం రాశాను. ఆమె సమాధానం ఒక్క వాక్యం: విలువలు వద్దు, వర్ణపటాన్నే పంపండి. పంపిన మూడో రోజునే విషయం తేల్చింది. ఆర్సెనిక్-76 గామా రేఖ, అంటే వర్ణపటంలో దాని శిఖరం, 559 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఉంటుంది. దానికి ఒక పక్క 554 దగ్గర బ్రోమిన్-82, మరో పక్క 564 దగ్గర యాంటిమొనీ-122 ఉంటాయి. డిటెక్టరు ఆరోగ్యంగా ఉంటే ఈ మూడూ మూడు విడి శిఖరాలుగా కనిపిస్తాయి. మా డిటెక్టరు శిఖరాలు రెండింతలకు పైగా వెడల్పై, వాటి అంచులు ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోయాయి. సాఫ్ట్‌వేర్ పక్కవాళ్ల వాటాలో కొంత ఆర్సెనిక్ ఖాతాలో వేసింది. పైగా బ్రోమిన్, యాంటిమొనీ రెండూ ఆర్సెనిక్ కన్నా నెమ్మదిగా క్షీణిస్తాయి కనుక, మా నమూనాలు దారిలో ఆలస్యమైన కొద్దీ తప్పు ఇంకా పెరిగింది. వాహనం ఆలస్యానికీ ఈ తప్పుకూ సంబంధం ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

బాగుచేయించడానికి తయారీదారుకు పంపాలంటే తాత్కాలిక ఎగుమతి పత్రాలు, తిరిగి వచ్చేటప్పుడు సుంకం మినహాయింపు, వాటికి నెలల తరబడి అనుమతులు కావాలి. అందుకని ఆమె చెప్పిన క్రమంలో మేమే డిటెక్టరును పూర్తిగా వేడెక్కనిచ్చి, పక్క విభాగం నుంచి అరువు తెచ్చిన టర్బో పంపుతో రెండు రోజులపాటు లోపలి వాయువులను లాగి, మళ్లీ చల్లబరిచాం. మా డిటెక్టరు పాత్రకు పంపు బిగించే కవాటం ఉండడం మా అదృష్టం. అన్ని రకాల డిటెక్టర్లకూ ఉండదు, తెలియకుండా ప్రయత్నించవద్దు. శిఖరాలు మళ్లీ సన్నబడ్డాయి. ఆర్సెనిక్ వ్యాసాల్లో ఒకదానిని వెనక్కి తీసుకున్నాం, రెండోదాని నమూనాలను మళ్లీ కొలిచాం.

ఆమె అంత తేలికగా మా రోగాన్ని గుర్తుపట్టడానికి కారణం ఆమె పనిచేసిన చోటు అని నాకు తరువాత అర్థమైంది. వియత్నాంలోని దలాత్ రియాక్టరును 1963లో అమెరికా సహకారంతో, ట్రైగా అనే అమెరికన్ రకపు 250 కిలోవాట్ల పరిశోధన రియాక్టరుగా నెలకొల్పారు. 1975లో యుద్ధం ముగియబోతుండగా అమెరికన్లు ఇంధనాన్ని తీసుకుపోయారు. 1980ల తొలి సంవత్సరాల్లో సోవియట్ సహకారంతో దానిని 500 కిలోవాట్లకు పునర్నిర్మించారు. అమెరికన్ తొట్టి, గ్రాఫైటు అలాగే ఉండగా, లోపల సోవియట్ ఇంధనం. రెండు దేశాల పరికరాలను, రెండు భాషల పత్రాలను కలిపి నడపవలసి వచ్చినవాళ్లకు ఏ భాగం ఎందుకు ఉందో తెలిసితీరాలి. సంపన్న దేశపు ప్రయోగశాల మాకు పరికరాన్ని ఇచ్చింది, నిజమే. దానిని బతికించుకోవడం మాత్రం మాలాంటి ఇక్కట్లు పడిన మరో వర్ధమాన దేశం నుంచే నేర్చుకున్నాం. ఆసియా పసిఫిక్ దేశాల మధ్య 1972 నుంచి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యంలో ఉన్న ప్రాంతీయ సహకార ఒప్పందం వంటివాటికి నేను ఎక్కువ విలువ ఇవ్వడానికి కారణం ఇదే.

రాజకీయాల గురించి కూడా అడిగారు కనుక మన దేశపు ఉదాహరణే చెబుతాను. ట్రాంబేలో 1956 ఆగస్టు 4న మొదలైన అప్సర రియాక్టరును కట్టింది మన ఇంజనీర్లు, ఇంధనం ఇచ్చింది బ్రిటన్. 1960లో మొదలైన 40 మెగావాట్ల సైరస్‌కు కెనడా రియాక్టరును, అమెరికా భారజలాన్ని ఇచ్చాయి. 1974 మేలో పోఖ్రాన్ పరీక్షకు సైరస్‌లో తయారైన ప్లుటోనియం వాడారు. కెనడా అణు సహకారాన్ని ఆపివేసింది, అణు సరఫరా దేశాల కూటమి పుట్టింది, 2008లో ఆ కూటమి మినహాయింపు ఇచ్చేవరకు విదేశీ అణు సహకారపు తలుపులు మనకు చాలావరకు మూసుకునే ఉన్నాయి. ఇచ్చిన దేశాల అనుమానం నిరాధారమని నేను అనను. అయితే ఇచ్చినవాళ్లు వెళ్లిపోయిన తరువాత కూడా సైరస్ 2010 చివరివరకు నడిచింది. నడిపేవాళ్లు ఇక్కడివాళ్లు కాబట్టే అది సాధ్యమైంది. ఘనాలో ఇందుకు భిన్నమైన కథ జరిగింది. అక్రాలో చైనా సహకారంతో కట్టిన 30 కిలోవాట్ల చిన్న రియాక్టరు బాంబుకు పనికివచ్చే స్థాయి అధిక శుద్ధి యురేనియంతో నడిచేది. చైనా, అమెరికా, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి 2017లో దానికి తక్కువ శుద్ధి ఇంధనం అమర్చి, పాత ఇంధనాన్ని చైనాకు పంపించాయి. ప్రపంచానికి ప్రమాదం తగ్గింది, ఘనాకు కొత్త ఇంధనం దక్కింది. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ అవసరం ఒకచోట కలిసినప్పుడు పనులు ఎంత చురుకుగా జరుగుతాయో చూడడానికి ఇది మంచి ఉదాహరణ.

పరికరం కన్నా ముఖ్యమైనది, ప్రశ్న ఎవరిదన్నది. ఒక విదేశీ బృందంతో కలిసి మేము నాలుగేళ్లు నమూనాలు సేకరించాం. ఎక్కడ తవ్వాలో వాళ్లే నిర్ణయించారు, కొలతలు వాళ్ల దగ్గరే జరిగాయి, చివరికి వ్యాసంలో మా పేర్లు ఎనిమిదో, తొమ్మిదో స్థానంలో వచ్చాయి. మర్యాదకు లోటు చేయలేదు, భోజనాలు బాగా పెట్టారు. కాని ఆ నాలుగేళ్లలో మా విద్యార్థులు మట్టిని జల్లెడ పట్టడం తప్ప ఏమీ నేర్చుకోలేదు. దీనికి ఎదురుగా జమైకాను పెట్టి చూడండి. 1984లో వెస్ట్ ఇండీస్ విశ్వవిద్యాలయపు మోనా ప్రాంగణంలో కెనడా రూపొందించిన 20 కిలోవాట్ల స్లోపోక్ రియాక్టరు వచ్చింది. అది పెద్ద భౌతికశాస్త్రం చేసేంత రియాక్టరు కాదు. వాళ్లు దానిని తమ దీవి మట్టి మీద తిప్పారు. దీవి అంతటా నమూనాలు తీసి మూలకాల పటం తయారుచేశారు. మధ్య జమైకా నేలల్లో కాడ్మియం అసాధారణంగా ఎక్కువగా ఉందని గుర్తించి, అక్కడి పంటల్లోకి, మనుషుల్లోకి అది ఎంత చేరుతోందో వెంబడించారు. రియాక్టరు బయటినుంచి వచ్చింది, ప్రశ్న మాత్రం ఆ నేలది.

మీ విషయానికి వస్తే, శిక్షణకు వెళ్లే ఇద్దరూ అధ్యాపకులే కావడం నాకు నచ్చలేదు. ఒక స్థానం ప్రయోగశాల సాంకేతిక సిబ్బందిలో ఒకరికి ఇప్పించే ప్రయత్నం చేయండి. అధ్యాపకుడికి వేరే ఉద్యోగం వస్తే శిక్షణ కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది, మా దగ్గర సరిగ్గా అలాగే జరిగింది. శిక్షణ ప్రణాళికలో శూన్యం, శీతలీకరణ, మరమ్మతులకు కనీసం రెండు వారాలు కేటాయించమని ముందే రాతపూర్వకంగా కోరండి. అటువైపువాళ్లు సాధారణంగా కాదనరు, అడగకపోతే ఇవ్వరు, అంతే. మొదటి ఏడాది నుంచే పోలిక పరీక్షల్లో చేరండి. తప్పు చూపించిన నివేదికను దాచకుండా, ముడి వర్ణపటంతో సహా, తోటి శిక్షణార్థులకు పంపండి. మొదటి ప్రాజెక్టుకు ఏ నమూనాలు కొలవాలో మీ విభాగమే రాసి ఇవ్వాలి. ఆ ఒక్క పేజీ మీ దగ్గర సిద్ధంగా లేకపోతే వాళ్ల పేజీయే ప్రాజెక్టు అవుతుంది.

వీటన్నిటికన్నా ముందు, ఈ వారంలోనే, మీ లెక్కల విభాగానికి వెళ్లి ద్రవ నైట్రోజన్ ఏ పద్దు కింద కొంటారో, వరుస సెలవుల్లో దానిని నింపే బాధ్యత ఎవరిదో అడగండి. పేరు, పద్దు రెండూ కాగితం మీద దొరకకపోతే, డిటెక్టరును పంపడాన్ని ఆరు నెలలు వాయిదా వేయమని అటువైపువాళ్లకు రాయండి. మేము ఆ ఉత్తరం రాయలేదు.