ప్లేట్‌లెట్ల లెక్క సరిగ్గానే ఉంది, మరి నెత్తురెందుకు ఆగదు?

ప్రశ్న: మా అమ్మాయికి 9 ఏళ్లు. తరచూ ముక్కు నుంచి నెత్తురు కారుతోంది. పాలపన్ను ఊడినప్పుడు మర్నాటి దాకా ఆగలేదు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు 2.8 లక్షలున్నాయి. అయినా పిల్లల డాక్టరు గారు హైదరాబాదు తీసుకెళ్లి ప్లేట్‌లెట్ల పనితీరు పరీక్ష చేయించమన్నారు. మా ఊరి ల్యాబ్ వాళ్లు ఇక్కడే రక్తం తీసి, ఐసు డబ్బాలో పెట్టి పంపుతామంటున్నారు. పంపవచ్చునా? మాది మేనరికం.
– ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: పంపవద్దమ్మా. అమ్మాయినే వెంటబెట్టుకుని వెళ్లండి.

లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టే. అయితే బడికి ఎంతమంది వచ్చారో హాజరు పట్టీ చెబుతుంది గానీ, వారిలో ఎవరు చదువుతున్నారో చెప్పదు. గాయమైన చోట ప్లేట్‌లెట్లు రక్తనాళపు గోడకు అంటుకుని, ఆకారం మార్చుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కట్టాలి. ఆ పని జరుగుతోందో లేదో తేల్చడానికే మీ డాక్టరు గారు ఈ పరీక్ష రాశారు.

ఐసు ఎందుకు పనికిరాదంటే, చలి తగిలిన ప్లేట్‌లెట్లు బిళ్లల ఆకారం పోగొట్టుకుని, ముళ్లు మొలిచినట్టయి, పరీక్షకు ముందే ఉత్తేజితమైపోతాయి. బ్లడ్ బ్యాంకులలో సైతం ఎర్ర రక్తకణాలను ఫ్రిజ్‌లో ఉంచినా, ప్లేట్‌లెట్లను మాత్రం 20–24 డిగ్రీల దగ్గర మెల్లగా ఊపుతూ ఉంచేది ఇందుకే. పైగా రక్తం తీసిన నాలుగు గంటల లోపల ఈ పరీక్ష ముగియాలి. కుదుపులు కూడా పడవు. మీ ఊరి ల్యాబ్ వారు సదుద్దేశంతోనే చెప్పి ఉంటారు, కానీ అలా వెళ్లిన నమూనా మీద వచ్చిన ఫలితాన్ని నేనైతే నమ్మను.

అక్కడ జరిగేది ఇది. రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేటు ఉన్న నీలం మూత గొట్టంలోకి, గీత దాకా, రక్తం తీస్తారు (లెక్కకు వాడే ఊదా మూత గొట్టం దీనికి పనికిరాదు). దాన్ని యంత్రంలో నెమ్మదిగా తిప్పితే ఎర్ర కణాలు అడుగుకు దిగి, పైన ప్లేట్‌లెట్లతో మసకబారిన పసుపుపచ్చని ద్రవం మిగులుతుంది. దానిని 37 డిగ్రీల దగ్గర కలియబెడుతూ, ఒక పక్క నుంచి వెలుగు ప్రసరింపజేసి, ఏడీపీ, కొల్లాజెన్, అరాకిడోనిక్ ఆమ్లం, ఎడ్రినలిన్, రిస్టోసెటిన్ వంటి, ముద్ద కట్టమని ప్లేట్‌లెట్లను పురిగొల్పే ప్రేరకాలను విడివిడిగా కలుపుతారు. ప్లేట్‌లెట్లు ముద్దకట్టిన కొద్దీ ద్రవం తేటపడి, వెలుగు ఎక్కువగా దాటుతుంది, తెర మీద గీత పైకి లేస్తుంది. గుస్తావ్ బోర్న్ అనే శాస్త్రవేత్త 1962లో వెల్లడించిన ఈ పద్ధతే నేటికీ ప్రామాణికం.

రిస్టోసెటిన్‌కు మాత్రం గీత లేచి, తక్కిన నాలుగింటికీ లేవకపోతే ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేని గ్లాంజ్‌మాన్ వ్యాధిని అనుమానిస్తారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే కలిగే జబ్బు కనుక మీ మేనరికం సంగతి డాక్టరు గారికి తప్పక చెప్పండి. రిస్టోసెటిన్‌కే లేవకపోతే ఆలోచన ప్లేట్‌లెట్లు గోడకు సరిగ్గా అంటుకోలేని బెర్నార్డ్–సూలియే వ్యాధి వైపో, అలా అంటుకోవడానికి తోడ్పడే రక్తంలోని ప్రొటీన్ లోపించే వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి వైపో మళ్లుతుంది. ఈ చివరిది తక్కినవాటి కంటే తరచుగా కనిపించేది, దానికి వేరే రక్త పరీక్షలున్నాయి.

వెళ్లే ముందు ఇంట్లోని జ్వరం సిరప్పుల సీసాల మీద ఏముందో చదవండి. పారాసెటమాల్‌తో పాటు ఐబూప్రొఫెన్ కలిసినవి మన మందుల షాపుల్లో మామూలే, ఈ ఐబూప్రొఫెన్ ప్లేట్‌లెట్ల పనిని తాత్కాలికంగా అడ్డుకుంటుంది. ఆస్పిరిన్ ప్రభావమైతే ఆ ప్లేట్‌లెట్ బతికున్నంత కాలం, అంటే 7 నుంచి 10 రోజులు, పోదు. ఈ మధ్య వాడిన ప్రతి మందునూ రాసి తీసుకెళ్లండి. ఆ పూట నెయ్యి, నూనె ఎక్కువైన తిండి పెట్టవద్దు. కొవ్వుతో ద్రవం పాలలా తెల్లబడితే వెలుగు కొలత తప్పుతుంది.

ప్రశ్న: స్టెంట్ వేయించుకున్న మా నాన్నగారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. ఈ పరీక్ష ఆయనకూ చేయించాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అందరికీ అక్కరలేదు, గుండె డాక్టరు గారు ప్రత్యేకించి అడిగితేనే చేయించండి. ప్లేట్‌లెట్లను అణచడమే ఆ మాత్రల పని కనుక ఆయన ఫలితం తక్కువగా రావడం సహజం. పరీక్ష కోసమని సొంతంగా మాత్రలు ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.