బ్లేడు పక్కన పెట్టు

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ ఉప్పునీటి పగడాల ట్యాంకు ఫొటో చూశాను. రాతి మీద బుల్లి తాటిచెట్టులా గోధుమరంగులో నిలబడ్డది ఎయిప్టేసియా, పగడాలని కుట్టే కలుపు జీవి. "నాలుగే ఉన్నాయి మామయ్యా, బ్లేడుతో గీకేస్తా" అన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. ట్యాంకు పెట్టిన కొత్తలో నేనూ అలాగే గీకాను. దాని అడుగు ముక్క రవ్వంత రాతికి అంటుకుని ఉన్నా మళ్ళీ నిండు జీవిగా పెరుగుతుంది. నెలన్నర తిరిగేసరికి నాలుగు కాస్తా నలభై అయ్యాయి. మీ అత్తయ్య చూసి "చేలో తుంగ పీకినట్టుంది మీ పని" అంది. గడ్డ లోపలే ఉంచి పైన పీకితే తుంగ ఏం చేస్తుందో నీకు చెప్పక్కర్లేదు.

దానికి మందు సున్నం. ఆక్వేరియం షాపులో కాల్క్ పొడి అని అమ్మేది కాల్షియం హైడ్రాక్సైడే. గోడలకి వేసే సున్నం వద్దు, అందులో నీలిమందూ బంకా ఏవేవో కలుపుతారు. ఆర్వో నీళ్ళలో కాల్క్ పొడిని గట్టి పెరుగులా కలిపి సిరంజిలోకి తీసుకో. ముందు పంపులన్నీ ఆపు. సిరంజి మూతి దాని నోటి దగ్గరికి మెల్లగా తీసుకెళ్ళి, మేత పెడుతున్నట్టు వదులు. కంగారుపడితే అది కన్నంలోకి ముడుచుకుపోతుంది. అలా అయితే కన్నం మీదే ముద్దగా కప్పెయ్. అరగంట ఆగి పంపులు వెయ్యి. నీది రెండొందల లీటర్ల ట్యాంకు, సున్నం ఎక్కువైతే నీళ్ళ పీహెచ్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. కాబట్టి రోజుకి మూడు నాలుగు చాలు. కళ్ళద్దాలు పెట్టుకునే చెయ్యి, సున్నం కంట్లో పడితే ఆటలు కాదు.

పెప్పర్‌మింట్ రొయ్యలు చిన్న ఎయిప్టేసియాలని తింటాయి, పెద్దవాటి జోలికి సాధారణంగా పోవు. కొనేటప్పుడు చూసుకో, వీపు మీద గూనీ ఒంటి మీద తెల్లచారలూ ఉన్న క్యామెల్ రొయ్యని ఆ పేరుతోనే అంటగడతారు. అది పగడాలని గిల్లుతుంది.

మీ నాన్న మైలుతుత్తం వెయ్యమన్నాడని రాశావు. బావ మాట చేపల చెరువులో నాచుకి సరిపోతుంది. నీ ట్యాంకులో ఆ తుత్తంలోని రాగి పడితే రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ పోతాయి. పైగా అది రాళ్ళలోకీ ఇసుకలోకీ దిగి నెలల తరబడి ఊరుతూ ఉంటుంది. బావకి నేను చెప్తాలే.

రాత్రి టార్చి వేస్తే జెర్రిలా పాకినవి బ్రిసిల్ వార్మ్స్. వాటిని చూసి టెన్షన్ పడకు. చాలావరకు అవి మిగిలిన మేత, చచ్చినవీ తిని శుభ్రం చేసేవే. చేత్తో ముట్టుకోకు, వెంట్రుకలు గుచ్చుకుంటే మంట. గుచ్చుకుంటే టేపు అంటించి లాగెయ్. అవి బాగా పెరిగాయంటే నువ్వు మేత ఎక్కువ వేస్తున్నావని అర్థం. చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసి రొయ్యలకి మేత వేసే ఇంట్లో పుట్టి ఇదేంటమ్మా!

టక్ టక్ మని చప్పుడు వస్తోందన్నావు. అది పిస్టల్ రొయ్య కావచ్చు, దానివల్ల పెద్ద నష్టం లేదు. నత్తగుల్లలు పగిలి దొరుకుతూ చేపలు ఒకటొకటే మాయమైతే మాత్రం మాంటిస్ రొయ్యని అనుమానించు. అది ఏ కన్నంలో ఉందో కనిపెట్టి, ఆ రాయిని బయటకి తీసి బకెట్ మీద పట్టుకుని, కన్నంలో ఉత్త సోడా పొయ్యి. దూకేస్తుంది. తరవాత రాయిని ట్యాంకు నీళ్ళతో కడిగి పెట్టు. వేలు అడ్డం పెట్టకు, దాని దెబ్బకి చర్మం చీలుతుంది.

ఎర్ర పాకుడుకి మందు వెతకకు. పైపుతో లాగేసి, కుళాయినీళ్ళు మానేసి ఆర్వో వాడు. ఇంకోమాట, గోదారి సముద్రంలో కలిసే అంతర్వేది నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్ళు తేవద్దు. వరద ఎర్రనీరు దిగే రోజుల్లో అక్కడ ఉప్పు ఏపాటి ఉంటుంది? పులస ఎక్కడానికి బాగుంటుంది గానీ నీ ట్యాంకుకి పనికిరాదు. ఉప్పు కలుపుకుని 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళకి 35 పాళ్ళ ఉప్పు దగ్గర నిలుపు. ఉప్పు కొలిచే సాలినోమీటర్ మన చెరువు షెడ్డులోనే ఉంది.

అసలు ఇవన్నీ ఎలా వచ్చాయంటావు? నువ్వు కొన్న రాయి మీదే వచ్చాయి. తొంభైల మధ్యలో తెల్లమచ్చ జబ్బు వచ్చి టైగర్ రొయ్యల చెరువులు ఊడ్చిపెట్టుకుపోయినప్పుడు, జబ్బు సీడ్ తోనే, అంటే కొని వేసే రొయ్యపిల్లలతోనే, గట్టు దాటి వస్తుందని మాకు చాలా ఖరీదుగా తెలిసింది. ఇప్పుడు టెస్టు చెయ్యని సీడ్ వెయ్యం, గట్టు చుట్టూ పీతలకి వల కడతాం. నువ్వూ ఇరవై లీటర్ల తొట్టి ఒకటి విడిగా పెట్టుకో. కొత్త రాయైనా పగడమైనా ఆరు వారాలు అందులోనే. పగడాన్ని పురుగులు పోయే డిప్ మందులో ముంచు, కింద అంటించిన దిమ్మ తీసెయ్. డిప్ గుడ్లని చంపదు, అందుకే వారానికోసారి మళ్ళీ ముంచాలి. చవగ్గా వస్తుందని సముద్రంలోంచి ఏరిన పగడపు రాయి ఎవరైనా ఇస్తే తీసుకోకు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

ఈ ఆదివారం మొగల్తూరు చెరువు మీద హార్వెస్ట్ ఉంది. సోమవారం వస్తా, సిరంజిలు నేనే తెస్తాను. అందాకా ఆ రాయిని కదపకు.

మీ మామయ్య