బాసెల్‌లో ఊరివారితో కలవడం ఎలా?

కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉద్యోగానికి వెళ్లబోతున్న మీరు, అక్కడ మనవాళ్ల మధ్యే ఉండిపోకుండా ఊరివారితో కలవాలంటే ఏం చేయాలని అడిగారు. నేను 2023 వేసవిలో హన్మకొండ నుంచి ఆ నగరానికే కాపురం వెళ్లాను కనుక, నా అనుభవం చెబుతాను.

వెళ్లిన 14 రోజుల్లోగా నివాస నమోదు చేయించుకోవాలి. ఆదివారం చప్పుడయ్యే పనులు పెట్టుకోకూడదు. భవనంలో అందరికీ కలిపి ఉండే బట్టలుతికే గదిలో మన వంతు ఏ రోజో ముందే తెలుసుకోవాలి. ఇవన్నీ నెలలోపే అలవాటవుతాయి. ఆ ఊరు నాకు దగ్గరైంది మాత్రం దాని పండుగల ద్వారానే.

సద్దుల బతుకమ్మకు ఇంటి దగ్గర లేనన్న బెంగ ఇంకా తీరలేదు, ఆ వారంలోనే మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ శనివారం మధ్యాహ్నం 12 గంటలకు మార్టిన్ చర్చి దగ్గరికి రమ్మన్నారు. 1471లో ఫ్రెడరిక్ 3 చక్రవర్తి అనుమతి ఇచ్చినప్పటి నుంచి సాగుతున్న శరత్కాలపు సంత, హెర్బ్‌స్ట్‌మెస్సె, ఆ చర్చి గంటతోనే మొదలవుతుంది. గంట మోగించినందుకు ఆ మనిషికి కూలిగా ఒక చేతి తొడుగు ఇస్తారు. దాని జత, సంత ముగింపు గంట మోగించాకే దక్కుతుంది. గోపురం కిటికీలోంచి ఆయన ఆ ఒంటి తొడుగు ఊపుతుంటే కింద జనమంతా చప్పట్లు కొట్టారు. ఇంత చిన్న ఆనవాయితీని ఇంత శ్రద్ధగా కాపాడుకునే వారితో నాకు మాట కలుస్తుందని ఆ రోజే అనిపించింది.

అసలు పండుగ ఫాస్నఖ్ట్. క్రైస్తవుల ఉపవాసకాలం మొదలయ్యే విభూతి బుధవారం తరువాతి సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు మొదలై, గురువారం 4 గంటలకు, అంటే సరిగ్గా 72 గంటలకు ముగుస్తుంది. 2024లో అది ఫిబ్రవరి 19న వచ్చింది. చలిలో ఇరుకు వీధిలో నిలబడి ఉండగా 4 కొట్టగానే నగరం నడిబొడ్డున వీధి దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆ చీకట్లోంచి డోళ్లు, పిక్కోలో అనే చిన్న పిల్లనగ్రోవులు ఒకేసారి లేచాయి. మనిషికంటే ఎత్తైన, బొమ్మలు గీసిన లాంతర్లు మెల్లగా కదిలాయి. ఆ క్షణంలో నేను ఫోటో తీయబోతే ఫోను ఫ్లాష్ వెలిగింది. పెద్దావిడ ఏమీ అనకుండా తన అరచేతితో ఫోనును కప్పారు. ఆ చీకటే పండుగ అని తరువాత వివరించారు.

నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే అదే వారం, 21 నుంచి 24 వరకు, మేడారం జాతర. చిలకలగుట్ట నుంచి సమ్మక్క తల్లిని గద్దెకు తీసుకొచ్చే వేళ ఎవరైనా అలా ప్రవర్తిస్తే మనకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. గురువారం తెల్లవారుజామున ఫాస్నఖ్ట్ ముగిసింది. ఆ రాత్రే తల్లి గద్దెకు చేరిందని మా అమ్మ మేడారం నుంచి ఫోను చేసి చెప్పింది.

అందుకే మీకు నా సలహా ఒక్కటే: ఏ పండుగలోనైనా చేసేవారి వంతు ఏది, చూసేవారి వంతు ఏది అన్నది ముందుగా అడిగి తెలుసుకోండి. ఫాస్నఖ్ట్‌లో ముసుగులు, వేషాలు డోళ్లు వాయించే బృందాలవారివి; చూసేవారు ముఖానికి రంగులు పూసుకోరు. బయటివారిని దూరం పెట్టడం అని కొందరు మనవాళ్లు నొచ్చుకుంటారు కానీ, నేను ఒప్పుకోను. కుంకుమ భరిణెను తెచ్చేది కోయ పూజారులే, అయినా అక్కడికి వచ్చిన లక్షల మందిలో ఎవరూ తాము పరాయివారమనుకోరు కదా. చూసేవారి వంతుగా బ్లగెడ్డె అనే బిళ్లను కొని కోటుకు పెట్టుకోవాలి, ఆ డబ్బు బృందాల ఖర్చుకు పోతుంది. చల్లే కాగితపు ముక్కలు ఒకే రంగువై ఉండాలి, కింద పడినవి ఏరి చల్లకూడదు. మంగళవారం పిల్లల రోజు. ఆ రోజే పెద్ద చర్చి ముందరి మైదానంలో నిలిపిన లాంతర్లను తీరిగ్గా చూడవచ్చు. వాటి మీది ఎత్తిపొడుపు పద్యాలు స్థానిక మాండలికంలో ఉంటాయి కనుక, పక్కనున్నవారిని అర్థం అడగండి. నాకు పరిచయమైనవారిలో సగం మంది అలా అడగడం వల్ల పరిచయమైనవారే. వేయించిన పిండితో కాచే సూపు, వేహె అనే ఉల్లిపాయల వంటకం కూడా రుచి చూడండి, శాకాహారులైతే మాంసం కలిసిందేమో అడిగి తీసుకోండి.

ఆ ఏడాది అక్టోబరులో పెద్దావిడ మా ఇంటికి బతుకమ్మ పేర్చడానికి వచ్చారు. తంగేడు, గునుగు దొరకవు కనుక బంతి, చామంతి, డేలియా తెచ్చాం. పూవు చేతిలో పట్టుకుని, ఏ వరుసలో ఏది పెట్టాలో, తాను పెట్టవచ్చో లేదో ఆవిడే ముందు అడిగారు.

మీరు జనవరిలో చేరుతున్నారని రాశారు కనుక ఫోగెల్ గ్రీఫ్ అనే పండుగ మీకు మొదట ఎదురవుతుంది. అది ఏడాదిని బట్టి 13, 20, 27 తేదీల్లో ఒకనాడు వస్తుంది. అడవి మనిషి వేషధారి తెప్ప మీద రైన్ నదిలో ఆడుతూ వస్తాడు. పెద్ద బాసెల్ వైపు వీపు పెట్టి, అవతలి ఒడ్డున ఉన్న క్లైన్‌బాసెల్ (చిన్న బాసెల్) వైపే ముఖం తిప్పి ఉంటాడు. కాబట్టి క్లైన్‌బాసెల్ ఒడ్డునే నిలబడండి.